మనోవిజ్ఞానవార్తలు - వాక్యాంతవిచారము

మనోవిజ్ఞానమునందు డాక్టరు పట్టమునకై పరిశ్రమించు యువకులును యువతులును నేఁడు తమ పరిశోధనములను విశ్వవిద్యాలయముల గోడలలో దాఁచక ప్రజలకు నేరుగాఁ దెలుపుచున్నారు. లోకమున నేదో యొకమూల జ్ఞాపకశక్తినిగూర్చియో, నిద్రనుగూర్చియో, బాలుర చదువునుగూర్చియో యొక పరీక్ష ముగిసెనేని, కొలఁది దినములలో దాని సారము తెలుఁగు వాక్యమై మన పల్లెలలోని చేతిఫోనులయందుఁ గనఁబడుచున్నది. ఇది సంతోషింపఁదగిన విషయము. కాని పరిశోధకుఁడు వ్రాసిన వాక్యమును, పల్లెలో రైతు చదివిన వాక్యమును ప్రక్కప్రక్కలఁ బెట్టి చూచినచో, నామవాచకములు చెక్కుచెదరక యుండఁగా క్రియాపదము మాఱిపోయి యుండుట తఱచుగాఁ గానవచ్చును. ఈ మార్పు వ్యాకరణసంబంధమైనది గావున దీనిని విచారించు భారము పండితులమీఁదఁ గూడఁ గలదు. ఉదాహరణమునకుఁ బసుపును గైకొనుచున్నాను. ఏలయన, నిజామాబాదు జిల్లాలోని మా యాలూరును, దాని సమీపముననున్న ఆర్మూరును పసుపుపంటకుఁ బేరుగన్న చోట్లు. పసుపునుగూర్చిన వార్త యిచ్చట వినోదార్థము చదువఁబడునది గాదు.

శాస్త్రనామము

ముందుగా శాస్త్రము పేరునుగూర్చి కొంచెము చెప్పవలసియున్నది. తెలుఁగున దీనికి మనస్తత్త్వశాస్త్రము, మనోవిజ్ఞానశాస్త్రము, మానసికశాస్త్రము అను పేర్లు వాడుకలో నున్నవి. మూఁడును సాధువులే. కాని తత్త్వశబ్దము వినఁగనే దేశకాలములతోఁ బనిలేని స్వరూపము మనకు స్ఫురించును. న్యాయదర్శనమున మనస్సు అణుపరిమాణము గల యింద్రియము. దాని లక్షణము ఒకమాఱు నిర్ణయింపఁబడినచో నందఱియందును నిర్ణయింపఁబడినట్లే. నేఁటి శాస్త్రము చెప్పునది యట్టిది గాదు. ఇందఱు మనుష్యులు, ఇట్టి పరిస్థితియందు, ఇట్లు ప్రవర్తించిరని లెక్కించి, యా లెక్కనుండి యితరులనుగూర్చి యనుమానము చేయుటయే దాని పద్ధతి. అందుచే 'మనోవిజ్ఞానము' అను పేరే యుక్తతరమని నా యభిప్రాయము. తత్త్వమునకును లెక్కకును గల యీ భేదమే వాక్యమునందు క్రియాభేదమై నిలుచును.

పూర్వోదాహరణములు

విద్వాంసులు తమ శాస్త్రమును దేశభాషలోఁ జెప్పఁబూనుట క్రొత్త గాదు. 1906లో హైదరాబాదున స్థాపింపఁబడిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చరిత్రలతోపాటు ప్రకృతిశాస్త్రములనుగూడఁ దెలుఁగునఁ బ్రకటించెను. ఆ మండలికిఁ బట్టుగొమ్మయైన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారే పిమ్మట ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకుఁ బూనుకొనిరి.

మనోవిజ్ఞానమునకు వచ్చినచో, మనదేశమున నీ శాస్త్రమందు డాక్టరు పట్టము నందిన మొదటివారిలో గిరీంద్రశేఖర వసుగారు ముఖ్యులు. వారు 1921లోఁ గలకత్తా విశ్వవిద్యాలయమునకు నిరోధమును గూర్చిన, అనఁగా మనస్సు తనకు సమ్మతముగాని కోరికలను అణఁచివేయుటనుగూర్చిన సిద్ధాంతగ్రంథమును సమర్పించిరి. మఱుసటి యేఁడు భారతీయ మనోవిశ్లేషణసంఘమును స్థాపించిరి. వియన్నాలోని ఫ్రాయిడుతో నుత్తరప్రత్యుత్తరములు జరిపిరి. అంతటితో నూరకుండక స్వప్నాదివిషయములను వంగభాషలోను వ్రాసిరి. 'చలంతిక' యను వంగనిఘంటువును గూర్చిన రాజశేఖర వసుగారు వీరి యన్నగారు. ఒకే యింట శాస్త్రజ్ఞుఁడును నిఘంటుకారుఁడును నుండుట మన ప్రస్తుతవిషయమునకు మంచి దృష్టాంతము.

మన పొరుగుననున్న మైసూరున మఱియొక దృష్టాంతము గలదు. అచ్చటి విశ్వవిద్యాలయమున మనోవిజ్ఞానాచార్యులైన ఎం. వి. గోపాలస్వామిగారు లండనులో స్పియర్మనుగారియొద్ద నభ్యసించి వచ్చినవారు. వారు 1935లోఁ దమ గృహముననే యొక చిన్న రేడియోకేంద్రమును నెలకొల్పిరి. 'ఆకాశవాణి' యను పేరు మొదట ఆ కేంద్రమునకే చెల్లినది. మనస్సును శోధించు ఆచార్యుఁడు జనులకు మాట వినిపించుటకు యంత్రమును దెచ్చుకొనెననుట విశేషము. రేడియోలో మాట యొక్కమాఱే వినఁబడును, అధస్సూచికలు వినఁబడవు. కావున చెప్పవలసిన సందేహమంతయు వాక్యములోనే యుండవలెను. నేఁటి వార్తలకును ఇదియే నియమము.

క్రియారూపముల భేదము

చిన్నయసూరి బాలవ్యాకరణమును జదివిన బాలునకైనను భూతార్థకమునకును తద్ధర్మార్థకమునకును గల భేదము తెలియును. 'పెరిగెను' అనునది యొకప్పుడు, ఒకచోట జరిగినదానిని జెప్పును. 'పెరుగును' అనునది స్వభావమును జెప్పును. నిప్పు కాల్చును, నీరు పల్లమునకుఁ బాఱును అనునవి యట్టివి. ఒక పరీక్షాఫలము స్వభావముచేత భూతార్థకము. అది నోటనుండి నోటికిఁ బోవుచు నాలుగు మెట్లు దిగును. మొదట 'పెరిగెనని వారు ప్రకటించిరి', పిమ్మట 'పెరుగవచ్చును', అటుపిమ్మట 'పెరుగును', తుదకు 'తినుఁడు'. పరోక్షమైన వార్త యీవిధముగా విధియగుచున్నది. ఇందులో నెవ్వరును గావలెనని యబద్ధమాడలేదు. ప్రతివాఁడును ప్రత్యయమునొకదానిని మాత్రము మార్చెను.

దీనికొక ప్రసిద్ధోదాహరణము గలదు. 1993లో అమెరికాలో 36 మంది కళాశాలవిద్యార్థులు మోజార్టు రచించిన సంగీతమును పది నిమిషములు విని, పిమ్మట ఆకారములను మనస్సున మడఁచి విప్పి యూహింపవలసిన కొన్ని ప్రశ్నలకు నుత్తరము లిచ్చిరి. ఊరక కూర్చున్న పిమ్మట నిచ్చిన యుత్తరములకంటె నవి మెఱుగుగా నుండెను. ఆ మెఱుగు పది పదునైదు నిమిషములకు మించి నిలువలేదని పరిశోధకులే వ్రాసిరి. శిశువుల నెవ్వరిని వారు పరీక్షింపలేదు. కాని వార్త 'సంగీతము బుద్ధిని బెంచును' అను తద్ధర్మరూపమును దాల్చెను. 1998లో జార్జియారాష్ట్రపు గవర్నరు తన రాష్ట్రమునఁ బుట్టు ప్రతి శిశువునకును సంగీతపు రికార్డు నిచ్చుటకు ధనము కేటాయింపుఁడని శాసనసభను గోరెను. 'పెరిగెను' అనునది 'పెరుగును' అగుటచే నొక రాష్ట్రపు ఆదాయవ్యయపట్టికయే కదలినది.

తెలుఁగువాక్యమున క్రియ కడపట నుండును. శీర్షిక వ్రాయువాఁడు స్థలము చాలక వాక్యపుఁ దోఁకను గోయును. సంశయమును, పరోక్షతయు, కాలమును ఆ తోఁకయందే యున్నవి గదా! 'పసుపుతో జ్ఞాపకశక్తి' యను శీర్షికను ఊహింతము. ఇందు క్రియ లేదు. క్రియాపదము ప్రయోగింపఁబడకున్నను 'ఉన్నది' యను నర్థము గల పదము ఉన్నట్లే గ్రహింపవలెనని వార్తికకారుని మతము. సామాన్యపాఠకుఁడు వార్తికమును జదువకయే యట్లు గ్రహించును. అనఁగా క్రియను లోపింపఁజేసిన శీర్షిక నిశ్చయార్థమునే బోధించును.

సంస్కృతమున వక్త తన కన్నులఁ జూడని పూర్వవృత్తాంతమునకు లిట్లకారము విహితమైనది. తెలుఁగున నట్టి లకారము లేకున్నను 'అఁట' కలదు; వ్యవహారమున 'అంట' యనునది దాని రూపాంతరమే. 'వచ్చెనఁట' యన్నప్పుడు తాను జూడలేదనియు, ఒకరు చెప్పఁగా వింటిననియు వక్త యొప్పుకొనుచున్నాఁడు. మన పల్లెలలోని వృద్ధస్త్రీలు దీనిని మిక్కిలి జాగ్రత్తగాఁ బ్రయోగింతురు. వార్తారచయితలు దీనిని గ్రామ్యమని వదలివేసిరి. 'అఁట' యనినచో వట్టి పుకారువలెఁ దోఁచునని కొందఱు శంకింపవచ్చును. చెప్పినవాని పేరు లేనప్పుడే యది పుకారగును. 'అని ఫలానా పరిశోధకులు ఫలానా సంవత్సరమునఁ బ్రకటించిరి' అన్నప్పుడు పరోక్షత నిలుచును, గౌరవమును నిలుచును.

'వచ్చును' అనుదానియం దొక చిక్కు గలదు. అది సంభావనను జెప్పును, అనుమతిని గూడఁ జెప్పును. 'వాన కురియవచ్చును' అనునది సంభావన. 'నీవు పోవచ్చును' అనునది యనుమతి. పరిశోధకుఁడు సంభావనగా వ్రాసినది యనువాదమున ననుమతిగా మాఱుట సులభము. 'పసుపు మఱపును దగ్గింపవచ్చును' అని మొదలై 'పసుపు వాడవచ్చును' అని ముగియు వార్తలో రెండు 'వచ్చును'లకు నర్థము వేఱు. అట్టిచోట 'తగ్గించునేమో' యనుట నిర్దుష్టము.

తృతీయావిభక్తి

పై శీర్షికలోని 'తో' ప్రత్యయమును గూడఁ బరీక్షింపవలెను. పాణినీయమున తృతీయ కరణార్థమునందును, హేత్వర్థమునందును, సహార్థమునందును మాత్రమేగాక లక్షణార్థమునందును విధింపఁబడినది. జటలచేత తాపసుఁ డనునది లక్షణార్థమునకుఁ బ్రసిద్ధోదాహరణము. జటలు తాపసునకు గుర్తు. జటలు పెంచినమాత్రమున నెవ్వఁడును తాపసుఁడు గాఁడు. లక్షణమునకును హేతువునకును గల యీ భేదమే నేఁటి మనోవిజ్ఞానమునకుఁ బ్రాణము. రెండు విషయములు కలసి కనఁబడుట వేఱు, ఒకటి రెండవదానిని గలిగించుట వేఱు. పుస్తకములు గల యింటి బిడ్డలు బాగుగాఁ జదువుదురని లెక్కలు చూపినచో, పుస్తకములు హేతువో, తల్లిదండ్రుల చదువునకు గుర్తు మాత్రమో యా లెక్క యొక్కటియే చెప్పఁజాలదు. దానిని తేల్చుటకే పరిశోధకులు జనులను రెండుజట్లుగాఁ జీట్లు వేసినట్లు విభజించి, యొక జట్టునకు మందును, రెండవదానికి మందువలెఁ గనఁబడు వట్టి బిళ్లను ఇత్తురు. ఎవరికేది వచ్చినదో పుచ్చుకొనువారికిని, పరీక్షించువారికిని దెలియనీయరు. ఇట్లు చేసిన పరీక్షయందే 'తో' ప్రత్యయమునకు హేత్వర్థము చెప్పుటకు నధికారము కలుగును.

అట్టి పరీక్షయైనను ఒకమాఱు జరిగినంతనే తీర్పు గాదు. 2015లో వర్జీనియా విశ్వవిద్యాలయపు బ్రయన్ నోసెక్ మొదలగు పలువురు పరిశోధకులు కలసి, మనోవిజ్ఞానపత్రికలలో నంతకుముందు ప్రకటింపఁబడిన 100 పరిశోధనములను మరలఁ జేసి చూచిరి. మొదటి ప్రకటనములలో నూటికి 97 వంతున గణనీయఫలములు చూపఁబడియుండఁగా, మరలఁ జేసినప్పుడు నూటికి 36 వంతు మాత్రమే యట్టివి కనఁబడినవి. ఈ లోపమును వెల్లడించినవారు మనోవిజ్ఞానులే యనుట ఆ శాస్త్రమునకుఁ గీర్తికరము. ఒక్క పరీక్షను బట్టి తద్ధర్మక్రియను బ్రయోగింపరాదని చెప్పుటకు నింతకంటె బలమైన సాక్ష్య మక్కఱలేదు.

పసుపువార్త

ఇఁక పసుపునకు వత్తము. పసుపుకొమ్ములో కర్కుమిన్ అను ద్రవ్యము గలదు, పచ్చదనము దానివలననే. సామాన్యముగా నెండుపసుపులో నది నూటికి రెండు మొదలు ఐదు పాళ్లుండును. 2012లోఁ బ్రకటింపఁబడిన యొక పరీక్షయందు ఆల్జైమర్సు వ్యాధిగల 36 మందికి 24 వారములు కర్కుమిన్ గుళికలనో వట్టిగుళికలనో యిచ్చి చూచిరి, గుణము కానరాలేదు. 2018లో లాస్ ఏంజిలీసునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున గేరీ స్మాల్ గారును వారి సహచరులును మఱియొక పరీక్షను బ్రకటించిరి. 51 మొదలు 84 ఏండ్లవఱకు వయసుగల, మతిభ్రంశవ్యాధి లేని 40 మంది యందుఁ బాల్గొనిరి. రక్తములోఁ జక్కఁగాఁ జేరునట్లు ప్రత్యేకముగాఁ జేయఁబడిన కర్కుమిన్‌ను కొందఱు దినమునకు రెండుమాఱులు, మాఱునకు 90 మిల్లీగ్రాముల చొప్పున 18 నెలలు పుచ్చుకొనిరి. వారికి జ్ఞాపకపరీక్షలలో నూటికి 28 వంతుల గుణము కనఁబడెనని యా ప్రకటన సారాంశము. మందును వట్టిబిళ్లలను ఆ మందు చేయు కంపెనీయే సమకూర్చెనని పరిశోధకులే తెలిపిరి.

ఈ రెంటికి నడుమ, 2017లో రసాయనశాస్త్రజ్ఞులు కొందఱు కర్కుమిన్‌నుగూర్చిన పరిశోధనములనెల్లఁ బరిశీలించి, యా ద్రవ్యము దేహములో నిలుకడ లేనిదనియు, రక్తమునఁ జేరునది మిక్కిలి స్వల్పమనియు, అది చేసినట్లు కనఁబడు పనులలోఁ గొన్ని పరీక్షాసాధనములను భ్రమింపఁజేయుటవలనఁ గలిగినవనియు వ్రాసిరి.

ఇన్నిటిని కలిపి 'పసుపు మఱపును బోఁగొట్టును' అను నొక్క వాక్యము చేసినచో నేమి యగును? పసుపు పండించువానికి సంతోషము గలుగును, అది సహజము. తొమ్మిది నెలలు కాచి, త్రవ్వి, యుడికించి, యెండఁబెట్టి, మెఱుఁగుపెట్టి సంతకుఁ దెచ్చినవానికి తన సరకును లోకము మెచ్చుట ప్రియమే. కాని ఆ యింటనే మాటిమాటికి మఱచుచున్న తల్లి యున్నయెడల, ఆమెను వైద్యునియొద్దకుఁ గొనిపోవుటకు మాఱుగాఁ బాలలోఁ బసుపు కలిపి యిచ్చి యూరకుండుట సంభవించును. మఱపునకుఁ గారణములు పెక్కు. గళగ్రంథియైన థైరాయిడు మందగించుటచేతను, బి-12 విటమినుయొక్క కొఱతచేతను గలుగు మఱపు చికిత్సకు లొంగును. ఆలస్యము చేసినచో నష్టము. పాలలోని పసుపునకు దోషము లేదు. దోషము 'పోఁగొట్టును' అను క్రియయందున్నది. ఉన్నయర్థమును మించి చెప్పిన యొక్క ప్రత్యయము ఆ తల్లికి నాఱునెలల కాలమును బోఁగొట్టఁగలదు.

నిశ్చయముగాఁ జెప్పవలసిన చోటు

ఇంతమాత్రముచే ప్రతివాక్యమును 'ఏమో', 'అఁట' అని ముగింపవలెనని నా తాత్పర్యము గాదు. నిశ్చయమున్నచోట సందేహము చెప్పుటయు దోషమే. దీనికిఁగూడఁ బసుపే యుదాహరణము.

బంగ్లాదేశపుఁ బల్లెలలోని గర్భవతుల రక్తమున సీసము కనఁబడుచుండఁగా, దాని మూలమును స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకై చదువుచుండిన జెన్నా ఫోర్సైత్ గారును వారి సహచరులును అన్వేషించిరి. సీసము శిశువుల మెదడును జెఱుచును. బుద్ధికి హాని చేయును. ఎంత తక్కువైనను హాని లేని మోతాదని చెప్పఁదగినది తెలియలేదని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇచ్చట 'చెఱుచును' అను తద్ధర్మక్రియ పెక్కు దేశములలో, పెక్కేండ్లు జరిగిన పరిశోధనములచే సంపాదింపఁబడినది. పరిశోధకులు రక్తములోని సీసపు జాతిభేదములను, మట్టి మొదలైనవానిలోని సీసముతోను పసుపులోని సీసముతోను పోల్చిచూచి, పసుపునకు మెఱుఁగుకొఱకుఁ గలుపు సీసపురంగే మూలమని 2019లోఁ బ్రకటించిరి. పూర్వము వరదలలోఁ దడిసి రంగు తగ్గిన కొమ్ములకు పచ్చదనము దెచ్చుటకై 1980 ప్రాంతముల నీ యలవాటు మొదలైనదని వారు దెలిసికొనిరి. వంగభాషలో 'హలుద్' అనునది పసుపునకును పసుపువన్నెకును ఒకటే పేరు, మనకును అంతే. వన్నెయే వస్తువని కొనువారు నమ్మినచోట వన్నెను గలిపినవాఁడు వస్తువును గలిపినట్లే చెల్లుబాటయ్యెను. శబ్దసామ్యము వర్తకమున నెంత పని చేయునో చూడుఁడు.

పిమ్మట జరిగినది మన విషయమునకు ముఖ్యము. ఆ దేశపు ఆహారభద్రతాధికారులు ప్రకటనపత్రములను అంగడులలో నంటించిరి, వార్తాపత్రికలలోఁ దెలిపిరి, కల్తీ చేసిన వర్తకులకు జరిమానాలు విధించి ఆ సంగతిని బహిరంగపఱచిరి. 2019లో అంగడులనుండి తీసిన పసుపులలో నూటికి 47 వంతున సీసము కనఁబడఁగా, 2021 నాఁటికి అది సున్నకుఁ దగ్గెను. హేతువు సందేహము లేక తెలిసినప్పుడు, చెప్పినమాట సందేహము లేక యున్నప్పుడు, వార్త యింతపని చేసినది. ఇది ఆర్మూరు పసుపునుగూర్చిన మాట కాదని వేఱుగాఁ జెప్పవలసిన పని లేదు. వాక్యమునందు దేశాధికరణమును వదలరాదనుటకు నిదియే కారణము. 'బంగ్లాదేశమున' అను నొక్క పదము లోపించినచో, దోషము లేని రైతునకు ధర పడిపోవును.

ఉపాధ్యాయులకు

కావున వార్తను వ్రాయువారును, పాఠశాలలలో దానిని జదివించువారును నైదు విషయములు వాక్యమున నున్నవో లేవో చూడవలెను. ఎవరియందుఁ బరీక్షించిరి, ఎందఱియందు, దేనితోఁ బోల్చి, ఎంతకాలము, చెప్పినవారెవరు. ఈ యైదును నిలిచినచో క్రియాపదము తనంతఁ దానే సరియైన రూపమును దాల్చును. మొదటి నాలుగు లేని వాక్యమునకు తద్ధర్మక్రియ నియ్యరాదు. ఐదవది లేనిదానికి 'అఁట' తప్పదు.

పై పసుపువార్త నీ నియమముచొప్పున నిట్లు వ్రాయవచ్చును: "లాస్ ఏంజిలీసున మతిభ్రంశవ్యాధి లేని 40 మంది పెద్దవారికి, పసుపునుండి తీసి ప్రత్యేకముగాఁ జేసిన కర్కుమిన్ మందునో, దానివలెఁ గనఁబడు వట్టిబిళ్లనో 18 నెలలు ఇచ్చి చూడఁగా, మందు పుచ్చుకొన్నవారికి జ్ఞాపకపరీక్షలలో గుణము కనఁబడెనని ఆ పరిశోధకులు 2018లోఁ బ్రకటించిరి. వ్యాధి గలవారియందు 2012లో జరిగిన పరీక్షలో గుణము కానరాలేదు." ఇది శీర్షికకంటె దీర్ఘమే. కాని చదువుటకు నిమిషము పట్టదు, వినినవాఁడు మోసపోఁడు.

పాఠశాలలో వారమునకొక గంట యీ యభ్యాసమునకుఁ గేటాయించుట సులభము. పిల్లలు తమ యింట వినిన యారోగ్యవార్తను, బుద్ధివార్తను వ్రాసి తేవలెను. దానిలోని క్రియ భూతార్థకమో తద్ధర్మార్థకమో గుర్తింపవలెను. 'తో', 'చేత' యను ప్రత్యయములు హేతువును జెప్పుచున్నవో, లక్షణమును మాత్రమే చెప్పుచున్నవో నిర్ణయింపవలెను. 'వచ్చును' కనఁబడినచో నది సంభావనయో యనుమతియో చెప్పవలెను. ఇందువలన రెండు ప్రయోజనములున్నవి. పరీక్షకొఱకే కంఠస్థము చేయఁబడుచున్న విభక్త్యర్థములును, క్రియాభేదములును బాలురకు నిత్యజీవనమునఁ బనికివచ్చును. మనోవిజ్ఞానమును శ్రమపడి నేర్చి తెలుఁగున మనకుఁ దెలుపుచున్న యువపరిశోధకులకు, తాము చెప్పిన మాటను చెప్పినట్లే వినఁగల శ్రోతలు లభింతురు. ఈ పనికి యంత్రములు గాని ధనము గాని యక్కఱలేదు. పలకయు, బలపమును, వ్యాకరణము తెలిసిన యొక యుపాధ్యాయుఁడును జాలును.